వడ్డీలు పెరిగిన ఏడాది హంపక్క అడిగిన మూడు ప్రశ్నలు

ఈ కేసులో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు చివరిదాకా వెతుక్కోనక్కర్లేదు. నేనే. 2021 చివర్లో, బళ్లారి బజారులో స్టీలు పాత్రల అంగడి మేడ మీద నా ఆఫీసులో కూర్చుని, నాకే సరిగా తెలియని సంగతిని ఒక ఆమెకు చాలా బాగా అర్థమయ్యేలా చెప్పాను. తెలియనిదాన్ని తెలియనట్టు చెబితే ఎవరికీ అర్థం కాదు, నష్టమూ ఉండదు. తెలియనిదాన్ని అర్థమయ్యేలా చెప్పడమే ప్రమాదం. ఆ విద్యలో నాకు మంచి పేరు ఉండేది.

నా వృత్తి సబ్ బ్రోకర్. పెద్ద స్టాక్ బ్రోకర్ కంపెనీ తరఫున మా ఊళ్లో ఖాతాలు తెరిపించడం, జనం చెప్పిన షేర్లు కొని అమ్మిపెట్టడం నా పని. మా నాయన బట్టలు గజం కొలిచి అమ్మాడు. నేను గజానికీ అందనిదాన్ని అమ్ముతాను. కింద అంగడిలో గిన్నె కొంటే తట్టి చూసుకోవచ్చు. పైన నా దగ్గర కొన్నదాన్ని తట్టి చూడటానికి లేదు. అందుకే నా మెట్లు ఎక్కేవాళ్లు కొంచెం అనుమానంగానే ఎక్కుతారు. హంపమ్మ మాత్రం మోకాళ్ల నొప్పితో ఎక్కింది.

ఆమెను మా వైపు అందరూ హంపక్క అంటారు. కంప్లి బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లు మెస్సు నడిపింది. జొన్నరొట్టె, నూనెలో మగ్గిన వంకాయ ఎణ్ణెగాయి, పప్పు, అంతే. ఆ పప్పు కోసం డ్రైవర్లు బస్సును పది నిమిషాలు ఎక్కువ నిలిపేవాళ్లు. మోకాళ్లు అరిగాక, పిల్లాజెల్లా లేని మనిషి, మెస్సున్న రెండంతస్తుల కట్టడాన్ని అమ్మేసి, బళ్లారి సత్యనారాయణపేటలో చిన్న ఇల్లు బాడిగకు తీసుకుంది. అమ్మిన దుడ్డు బ్యాంకులో ఉంది.

కుర్చీలో కూర్చుని, ఊపిరి సర్దుకుని, ఆమె అన్న మొదటి మాట ఇది.

"శేషప్పా, నాకు వడ్డన తెలుసు, వడ్డీ తెలీదు. మూడు నెల్లకొకసారి చేతికి దుడ్డు రావాల. ఆ దారి యాడుందో చెప్పు."

"బ్యాంకులో వేస్తే సరిపోదా అక్కా?"

"బ్యాంకోడు ఇచ్చేది బాడిగకే సరిపోతాండాది. పప్పుకి? మా తమ్ముడు తిమ్మప్ప సిరిగేరికి రమ్మంటాండాడు. వాడు మంచోడే. వాళ్లింటికి పోతే వాని పెండ్లాం వడ్డించినంత తినాల. ముప్పై ఏండ్లు ఊరందరికీ నేను వడ్డించినాను. ఇంక ఒకరి గంటె కింద ఆకు పెట్టేది నాతో కాదప్పా."

అసలు సంగతి అదీ. ఆమె అడిగింది లాభం కాదు. తన పొయ్యి తన చేతిలో ఉండాలని అడిగింది.

అప్పుడు నేను రీట్ గురించి చెప్పాను. పూర్తి పేరు రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్. పెద్ద పెద్ద ఆఫీసు కట్టడాలను ఒక ట్రస్టు కింద పెట్టి, ఆ ట్రస్టును చిన్న చిన్న యూనిట్లుగా కోసి, షేర్ల లాగే మార్కెట్లో పెడతారు. కట్టడాల్లో ఉండే కంపెనీలు బాడిగ కడతాయి. ఖర్చులూ అప్పుల వడ్డీలూ పోగా పంచడానికి మిగిలినదాంట్లో నూటికి కనీసం తొంభై యూనిట్లున్నవాళ్లకు పంచాలని నిబంధన. ఆ పంపకమే డిస్ట్రిబ్యూషన్. నేను చెబుతున్న ట్రస్టు దాన్ని మూడు నెలలకొకసారి పంచేది.

ఇంతవరకూ నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. ఇక్కడ ఆగితే ఈ వ్యాసమే ఉండేది కాదు. కానీ హంపక్క కనుబొమలు ముడిపడి ఉన్నాయి. వాటిని విప్పాలనిపించింది.

"సింపుల్ అక్కా. భోగ్యం ఉంది కదా, అట్లాంటిదే అనుకో."

మా వైపు కాని పాఠకులకు భోగ్యం అంటే చెప్పాలి. ఇల్లు భోగ్యానికి తీసుకునేవాడు నెలనెలా బాడిగ కట్టడు. ఓనర్‌కు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, రెండేళ్లో మూడేళ్లో ఆ ఇంట్లో ఉంటాడు. గడువు తీరాక ఖాళీ చేస్తాడు, ఇచ్చిన మొత్తం పైసా తగ్గకుండా తీసుకుపోతాడు. మా బళ్లారి జిల్లాలో ఇది పసిపిల్లలకూ తెలిసిన లెక్క.

"ఓహో," అంది హంపక్క, కనుబొమలు విప్పి. "అంటే దుడ్డు ఇచ్చేది, ఫలం తినేది, దుడ్డు వాపసు తీసుకునేది."

"కరెక్ట్," అన్నాను, తప్పుకు టిక్కు పెట్టే మాస్టారులాగా.

ఒక మంచిపని మాత్రం చేశాను. మొత్తం అందులో పెట్టనివ్వలేదు. సగం బ్యాంకులోనే ఉంచి, సగానికి యూనిట్లు కొనిపించాను. నేనూ కొన్ని కొనుక్కున్నాను. మొదటి డిస్ట్రిబ్యూషన్ ఫోన్లో టింగుమన్న రోజు ఆమె ఒక డబ్బా నిండా చెనిక్కాయల చట్నీపొడి పంపించింది. దానికి "మూడునెల్ల పంట" అని పేరు కూడా పెట్టింది. పొడికి కాదు, డిస్ట్రిబ్యూషన్‌కి.

2022 ఎండాకాలంలో రిజర్వ్ బ్యాంకు వడ్డీరేట్లు పెంచడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, వరసబెట్టి. పెంచిన ప్రతిసారీ నా గుండె రేటు కూడా పెరిగింది. కారణం మా వృత్తిలో అందరికీ తెలిసిందే. బ్యాంకు డిపాజిట్టే ఎక్కువ ఇస్తుంటే, రిస్కున్న రీట్ యూనిట్ మీద జనం ఇంకా ఎక్కువ రాబడి అడుగుతారు. పంపకం అంతే ఉండి రాబడి శాతం పెరగాలంటే ఒకటే దారి, యూనిట్ ధర తగ్గాలి. పైగా ఆ ట్రస్టులకూ అప్పులుంటాయి, వాటి వడ్డీ పెరిగితే పంచేది తగ్గుతుంది. రెండు వైపులా రోకటిపోటే. నెలలు గడిచేకొద్దీ స్క్రీన్ మీద ఆ పేరు ఎర్రగా ఉండటం అలవాటైంది. హంపక్క కొన్న ధర కంటే చాలా కిందికి వచ్చింది.

నేను ఏం చేశాను? ఒకరోజు మధ్యాహ్నం, అన్నం కూడా తినకుండా, నా యూనిట్లన్నీ అమ్మేశాను. నష్టానికి అమ్మాను. ఆ అమ్మకానికి నా బ్రోకరేజీ నేనే కట్టుకున్నాను. నా తప్పు మీద నేనే సంపాదించిన ఏకైక సందర్భం అది.

తర్వాత హంపక్కకు ఫోన్ చేసి ఒకసారి ఆఫీసుకు రమ్మన్నాను. ఆమె ఒక్కతే రాలేదు. వెనకాల తిమ్మప్ప వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, సిరిగేరిలో ఎరువుల అంగడి. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏమప్పా శేషప్పా! మా అక్క ఇంత లావు కట్టడం అమ్మితే, నువ్వు దాన్ని కాయితం చేసినావంట. ఇప్పుడు ఆ కాయితం కూడా చినుగుతాండాదంట?"

"కూర్చో తిమ్మప్పా..."

"కూర్చునేకి రాలేదు. భోగ్యం అని చెప్పినావా, లేదా?"

చెప్పాను. తల ఊపాను.

"భోగ్యం అంటే ఇచ్చిన దుడ్డు ఇచ్చినట్టు వాపసు రావాల. అవునా? మా అక్కకి ఆ కట్టడం వొద్దు. ఖాళీ చేస్తాండాది. తీయ్, దుడ్డు తీయ్!"

మేడ కింద గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంగడివాళ్లు వింటున్నారన్నమాట. చెప్పిన పోలిక ఇలా తిరిగి వచ్చి నా చొక్కా కాలరు పట్టుకుంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. తిమ్మప్ప తప్పు మాట్లాడటం లేదు. నేను చెప్పిన మాటనే నాకు అప్పజెబుతున్నాడు.

"భోగ్యం అన్నది నా పొరపాటు," అన్నాను. "ఇది మార్కెట్. ధర పడింది. ఇంకా పడవచ్చు. హంపక్కా, నా మాట విను, ఉన్నంతకు అమ్మేద్దాం."

"అదీ!" అన్నాడు తిమ్మప్ప. "అమ్మి నాకియ్యి అక్కా. వరికోత మిషన్ తెస్తాండా. వచ్చే సోమవారం అడ్వాన్సు కట్టాల. బ్యాంకోని కంటే ఒక రూపాయి ఎక్కువే ఇస్తా. నువ్వు మా ఇంట్లోనే ఉంటే నీకు ఖర్చేముంటాది?"

హంపక్క ఇద్దరినీ చూసింది. నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది.

"శేషప్పా, ఆ కట్టడాల్లో బాడిగ తగ్గినాదా?"

"బాడిగా? అది... చూడాలి అక్కా."

"ఎవరన్నా ఖాళీ చేసిపోయినారా?"

"కనుక్కోవాలి."

"అప్పు ఉండాదంటివి. యా అప్పు ఎప్పుడు తీర్చాల?"

నేను స్క్రీన్ వైపు చూశాను. స్క్రీన్ మీద ధర ఒక్కటే ఉంది. ఆమె అడిగిన మూడింటిలో ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు.

"అయితే ఏమి చూసి అమ్మమంటాండావు? పప్పు నోట్లో పెట్టుకోకుండా గిన్నె పారబోస్తారేమప్పా?" అని లేచింది. "సోమవారం లోపల మూడింటికీ జవాబు తెచ్చి మా ఇంట్లో చెప్పు. బాడిగ చచ్చిపోయింటే అమ్మేద్దాం, తమ్ముని ఇంటికి పోతా. లేదంటే అమ్మేది ల్యా."

మెట్లు దిగుతూ తిమ్మప్ప వెనక్కి తిరిగి, కింద అంగడివాళ్లకు కూడా వినపడేలా "వస్తాం, భోగ్యం శేషప్పా!" అన్నాడు. రెండు రోజుల్లో ఆ పేరు సిరిగేరి అంతా పాకింది. అక్కడ నాకున్న నలుగురు ఖాతాదారుల్లో ముగ్గురు ఫోన్ ఎత్తడం మానేశారు. నాలుగోవాడు ఎత్తి, "భోగ్యం శేషప్పా, బాగుండావా?" అన్నాడు. అతను మానేసినా బాగుండేది.

వాళ్లు వచ్చిన రోజు నుంచి సోమవారానికి ఆరు రోజులున్నాయి. ట్రస్టు వార్షిక నివేదిక నా కంప్యూటర్లో ఎన్నాళ్లుగానో ఉంది, తెరవని పెళ్లి బహుమతిలాగా. ఇటుక మందం కాగితాలు ప్రింటు తీయించాను. జిరాక్స్ అంగడాయన "మీ పిల్లోని పరీక్షకా సార్?" అన్నాడు. "నాకే," అన్నాను.

ఆ పరీక్షకు నిజంగానే చదివాను. పెన్సిల్ పెట్టుకుని, భోజనం దగ్గర కూడా. మా ఆవిడ "ఇంత శ్రద్ధ కొనేముందు పెట్టుంటే?" అంది. ఆమె ప్రశ్నకు నివేదికలో జవాబు దొరకలేదు. హంపక్క ప్రశ్నలకు మాత్రం ఒక్కొక్కటిగా దొరికాయి. దొరికేకొద్దీ సంతోషించాను, నేను అమ్మేసుకున్న యూనిట్ల నష్టాన్ని కూడా పక్కన అదే పెన్సిల్‌తో లెక్కేసుకున్నాను.

ఆదివారం పొద్దున సత్యనారాయణపేటకు వెళ్లాను. చిన్న వంటిల్లు. పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని హంపక్క రొట్టె తడుతోంది. నన్ను గడప దగ్గరే కూర్చోబెట్టింది.

"చెప్పు. బాడిగ?"

"తగ్గలేదు అక్కా. పెరుగుతోంది. ఎక్కువభాగం ఒప్పందాల్లో మూడేళ్లకొకసారి బాడిగ ఇంత పెంచాలని ముందే రాసి ఉంది. దాన్ని ఎస్కలేషన్ అంటారు. ఎప్పుడో తక్కువకు ఇచ్చిన అంతస్తులూ ఉన్నాయి. వాటి గడువు తీరితే ఇప్పటి రేటుకు ఇస్తారు."

"పాత బాడిగోడు పోతే కొత్తోడు ఎక్కువ ఇస్తాడు. సరే. ఖాళీలు?"

"నిండిన భాగాన్ని ఆక్యుపెన్సీ అంటారు. ఎక్కువే నిండి ఉన్నాయి. కొన్ని అంతస్తులు మాత్రం ఖాళీ. ఒక కంపెనీ వచ్చే ఏడాది ఇంకో అంతస్తు ఖాళీ చేస్తుందని వాళ్లే రాశారు."

"రాసినారా? అయితే దాచిపెట్టలేదు. మంచిది." రొట్టె తిప్పింది. "అప్పు?"

ఇక్కడే నా అయిదు రోజుల చదువంతా ఉంది. కట్టడాల విలువతో పోలిస్తే అప్పు తక్కువ. అందులో పెద్దభాగం ఫిక్స్‌డ్ రేటు, అంటే తీసుకున్నప్పుడు ఒప్పుకున్న వడ్డీయే గడువు దాకా. మిగిలింది ఫ్లోటింగ్ రేటు, రిజర్వ్ బ్యాంకు పెంచితే అదీ పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పేజీల్లో చిన్న పట్టికలో దొరికింది. అప్పులన్నీ ఒకే ఏడాది తీర్చాల్సినవి కావు. ఒకటి ఈ ఏడు, ఒకటి రెండేళ్లకు, ఒకటి ఇంకా తర్వాత. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తెచ్చుకోవడాన్ని రీఫైనాన్సింగ్ అంటారు. వడ్డీలు మండుతున్నప్పుడు మొత్తం అప్పు ఒకేసారి మీదపడితే ఎంత గొప్ప కట్టడమైనా కుంగుతుంది అన్నాను.

హంపక్క గంటె కింద పెట్టింది. నవ్వింది.

"ఇది నాకెందుకు తెలీదప్పా! మెస్సు పైన రెండిండ్లు ఉండె కదా. రెండూ భోగ్యానికి ఇచ్చినాను. రెండిటికీ ఒకటే నెల్లో గడువు. ఇద్దరూ ఒకటేసారి ఖాళీ చేసి, తీయ్ దుడ్డు అన్నారు. కొత్తగా భోగ్యానికి వచ్చేటోళ్లు ఎవరూ దొరకలేదు. చేతి గాజులు తీసిపెట్టి ఇచ్చినాను. ఆపొద్దు నుంచి ఒక ఇల్లు ఉగాదికి, ఒక ఇల్లు దీవిళిగకి గడువు పెట్టినాను. మళ్లీ గాజులు తీసింది లేదు."

రీఫైనాన్సింగ్ రిస్కును ఇంత పొట్టిగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు. ఆ సంబరంలో ఉండగా ఆమె అసలు దెబ్బ కొట్టింది.

"శేషప్పా, నువ్వు భోగ్యం అన్నది తప్పు కాదు. దాన్ని అంటించకూడని మనిషికి అంటించినావు. భోగ్యం దుడ్డు ఇచ్చినోళ్లం మనం కాదు. అప్పిచ్చిన బ్యాంకోడు. గడువుకి పైసా తగ్గకుండా వాపసు అడిగేటోడు వాడే కదా? మనం ఓనర్లం."

ఆమె పెట్టిన రొట్టె నా చేతిలోనే ఉండిపోయింది. పన్నెండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. నేను తలకిందులుగా నిలబెట్టిన పోలికను ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండా కాళ్ల మీద నిలబెట్టింది.

"ఓనర్‌కి కట్టడం రేటు పడితే ఏమైతాది? అమ్మేటోనికి నష్టం. బాడిగ తినేటోనికి ఏముంది? కంప్లిలో బస్టాండు మారుస్తారంట అని పుకారు లేచిన ఏడు మా వీధి రేట్లన్నీ పడిపోయినాయి. నేనేమన్నా పప్పు ఒండేది నిలిపేసినానా?"

"కానీ అక్కా, ఫ్లోటింగ్ అప్పు ఉంది. ఆ అంతస్తు ఖాళీ అయితే పంపకం కొంచెం తగ్గవచ్చు. ఈసారి ముందే చెబుతున్నాను."

"పప్పు రవంత పలచగైతాది. పలచటి పప్పు నా గంటెతో పోసుకుంటా. తమ్ముని ఇంట్లో గట్టి పప్పు నాకు బేడ, వొద్దు."

అప్పుడు నా తప్పు కూడా చెప్పేశాను. నావి అమ్ముకున్నానని.  ఆమె నా ముందు ఇంకో రొట్టె వేసింది.

"తిను. నష్టపోయినోనికి ఆకలి ఎక్కువ."

సోమవారం తిమ్మప్ప నా ఆఫీసుకు వచ్చేసరికి హంపక్క ముందే వచ్చి కూర్చుని ఉంది. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, ఆ మెట్లన్నీ ఎక్కి.

"అమ్మేది లేదు తిమ్మా," అంది.

"అక్కా, పడిపోతాండాది!"

"రేటు పడిపోతాండాది. బాడిగ నిలబడే ఉండాది. నీ మిషన్‌కి బ్యాంకులో లోను ఇస్తారు, పో. అక్కకి ఇచ్చే వడ్డీ బ్యాంకోనికి ఇయ్యి. బ్యాంకోడైతే అలగడు."

"రేపు ఇది సున్నా అయితే నా దగ్గరికి రావొద్దు!"

"వస్తే నా గంటె తెచ్చుకునే వస్తాలే."

తిమ్మప్ప నా వైపు తిరిగి, "భోగ్యం శేషప్పా, మా అక్కకి ఏమి మందు పెట్టినావో!" అని విసురుగా దిగిపోయాడు. పెట్టింది నేను కాదు, తిన్నది నేను. జొన్నరొట్టె.

తర్వాతి ఏడాదిన్నర తేలికగా గడవలేదు. 2023లో ధర ఇంకా కిందికి వెళ్లింది. నివేదికలో రాసినట్టే ఆ అంతస్తు ఖాళీ అయింది, రెండుసార్లు పంపకం కాస్త తగ్గింది. హంపక్క ఫోన్ చేసి, "పప్పు పలచగైంది శేషప్పా. చెప్పినావు కాబట్టి తిట్టడంల్యా," అంది. అంతేకాదు, వచ్చిన ప్రతి మూడునెల్ల పంటలో కొంత తీసిపెట్టి, ఆ పడిన ధరకే రెండో మూడో యూనిట్లు కొనేది. "బాడిగ అంతే, కట్టడం చవక. ఇప్పుడు కాక ఎప్పుడు కొనాల?" అనేది. బ్యాంకులో ఉన్న సగాన్ని కూడా ఇటు తిప్పుదామా అంటే మాత్రం నేనే వద్దన్నాను. డిపాజిట్ వడ్డీ బాగున్నప్పుడు దాని పని దాన్ని చేయనివ్వాలి. నేను కూడా, సిగ్గుపడుతూ, ధర మళ్లీ కాస్త లేచాక, నేను అమ్మినదాని కంటే కొంచెం ఎక్కువ ధరకు మళ్లీ కొనుక్కున్నాను. తెలివి తెచ్చుకోవడానికి ఎవరైనా ఫీజు కట్టాలి.

ఆ ట్రస్టు తట్టుకున్న తీరు నేను దగ్గరుండి చూశాను. ఖాళీ అయిన అంతస్తుకు కొత్త కంపెనీ వచ్చింది, పాత బాడిగ కంటే ఎక్కువకు. గడువు తీరిన అప్పును తీర్చి, మంచి రేటు దొరికినచోట కొత్తది తెచ్చుకున్నారు. మూడేళ్ల గడువు వచ్చిన ఒప్పందాల్లో బాడిగలు రాసిన ప్రకారం పెరిగాయి. 2025లో వడ్డీలు దిగడం మొదలయ్యాక అదే యూనిట్ కోసం జనం మళ్లీ వరస కట్టారు. ఒకరోజు స్క్రీన్ మీద హంపక్క కొన్న ధర దాటింది. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, నీ ధర దాటింది!"

"దుడ్డు పడినాదా?"

"అది వచ్చే నెల."

"అయితే వచ్చే నెల చెయ్యి. ఎసరు తెర్లుతాండాది," అని పెట్టేసింది.

ఆ ఏడే ఆమె ఇంటి ఓనరు బాడిగ పెంచుతానంటే నవ్వుతూ ఒప్పుకుంది. "పెంచప్పా, నాదీ పెరుగుతాండాది," అందట. ఆయనకు అర్థం కాలేదు. నాకైంది.

అన్ని రీట్‌లూ ఇలాగే తట్టుకుంటాయని నేను చెప్పను. ఖాళీ అంతస్తులు ఎక్కువై, ఫ్లోటింగ్ అప్పులన్నీ ఒకే ఏడాది మీదపడే ట్రస్టు అయ్యుంటే హంపక్కే ముందు అమ్మమనేది. ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. వడ్డీలు పెరిగినప్పుడు ధర అరుస్తుంది, బాడిగ గొణుగుతుంది. నేను అరుపుకు పరిగెత్తాను, ఆమె గొణుగుడుకు చెవి పెట్టింది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చినా ఆ మూడు ప్రశ్నలూ అడగనిదే కంప్యూటర్ తెరవను. జవాబు తెలియకపోతే తెలియదంటాను. వ్యాపారం కొంచెం తగ్గింది, నిద్ర బాగా పెరిగింది.

ఇక తిమ్మప్ప సంగతి. మొన్న ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అదే తెల్ల చొక్కా, అవే రెండు ఫోన్లు. వరికోత మిషన్ లోను సగం తీరిందట, చేతిలో కొంత మిగిలిందట, బ్యాంకులో వడ్డీ తగ్గిపోయిందట.

"అదేందప్పా, అక్క కొన్నదే. నాకూ కొంచెం ఇప్పించు."

"తప్పకుండా. కానీ మా ఆఫీసులో ఒక రూలు ఉండాది తిమ్మప్పా. ఇది కొనాలంటే హంపక్క దగ్గర పాస్ అయి రావాలి."

"ఇదెప్పటి రూలు?"

"నువ్వు రెండో మెట్టు మీద ఉన్నప్పుడు పుట్టింది."

గొణుక్కుంటూ పోయాడు. హంపక్క అతన్ని రెండుసార్లు ఫెయిల్ చేసింది. మొదటిసారి ఖాళీల దగ్గర, రెండోసారి అప్పుల గడువు దగ్గర. రెండుసార్లూ రొట్టె పెట్టి మరీ పంపించింది కాబట్టి కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. మూడోసారి చీటీ రాసిచ్చింది. చీటీ కన్నడంలో ఉంది. "పాస్. కానీ భోగ్యం ఎవరిదో ఒకసారి నువ్వే అడుగు."

ఆ చీటీ తెచ్చిన రోజు తిమ్మప్ప ఒంటరిగా రాలేదు. తమకూ కావాలని సిరిగేరి నుంచి ముగ్గురు వెంట వచ్చారు. ఫోన్ ఎత్తడం మానేసిన ఆ ముగ్గురే. వాళ్లను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, కింది నుంచి టీ తెప్పించాను. డబ్బులు తిమ్మప్పే ఇచ్చాడు, నేను వద్దనలేదు. చీటీ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.

"తిమ్మప్పా, ఒకటే ప్రశ్న. ఇందులో భోగ్యం దుడ్డు ఇచ్చినోడు ఎవడు?"

తిమ్మప్ప వెనక బెంచీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "అప్పిచ్చిన బ్యాంకోడు. యూనిట్లు ఉండేటోళ్లు ఓనర్లు. రేటు పడినా, పెరిగినా... బాడిగ చూసుకోవాల."

"నూటికి నూరు," అన్నాను. టీ ఒక గుక్క తాగాను. వేడిగా, చాలా రుచిగా ఉంది.

"అయితే ఫారం ఇయ్యి శేషప్పా. ఇంక సాలునా?"

"ఇంకొక్కసారి, గట్టిగా చెప్పు తిమ్మప్పా. వెనక బెంచీవాళ్లకు వినపడలేదు."